తిరిగే దండెం

లోబట్టలు చీర చాటున ఆరేసుకోవాలని
మా చిన్నత్త నేర్పింది, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా.
ఎండ తగలాలి, కన్ను తగలకూడదు, అంది.

జీలాంగ్‌లో ఈ అద్దింటి పెరట్లో
ఇనప గొడుగులాంటి దండెం ఉంది.
ఎంత జాగ్రత్తగా లోపలి తీగకి వేసినా
సముద్రం వైపునుంచి గాలి రాగానే
గిర్రున తిరిగి
నా లంగా చిరుగు
కంచె అవతల మార్జరీ కాఫీ కప్పులోకి తొంగిచూస్తుంది.

రాయడమూ అలాగే మొదలైంది.
వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ.
పదకొండు మంచాలు, ఇద్దరి దగ్గు,
మందుల బండి చక్రం కీచు.
చేతిలో ఫోను.
తెలుగులో రాస్తే ఈ ఊళ్ళో ఎవరు చదువుతారు,
తలుపుకి గడియ వేసుకున్నట్టే అనుకున్నాను.

మూడో నెలలో పోయిన కడుపు గురించి
నాలుగు వాక్యాలు రాశాను.
అమ్మకి చెప్పలేదు. చెప్తే ఏడుస్తుంది,
ఆ ఏడుపూ నేనే తుడవాలి.
భార్గవ్‌కి చెప్పే పనిలేదు, పక్కనే ఉన్నాడు.
పక్కనే ఉండి, టీవీ సౌండు తగ్గించాడు.

తణుకులో అది భోజనాల వేళ.
ఎవరో ఒకావిడ, పేరైనా సరిగ్గా లేదు,
"నాకూ" అని రాసింది.
అంతే.
ఆ రెండక్షరాలు జేబులో వేసుకుని
వేడి గుడ్డుని మోసినట్టు
తెల్లారేదాకా వార్డంతా తిరిగాను.

తర్వాతి రాత్రులకి మేత కావాలి కదా.
మామగారి అప్పు రాశాను, అత్తగారి నోరు రాశాను,
నా ఒంటిమీద పుట్టుమచ్చల లెక్క రాశాను.
నావి అయిపోయాక
పక్కింటికి చేట పట్టుకెళ్ళినట్టు
ఇంట్లోవాళ్ళవి తెచ్చుకున్నాను.
కాదు. చేట పట్టుకెళ్ళేవాళ్ళు అడుగుతారు.
నేను అడగలేదు.

ఇందుజ పదకొండేళ్ళదాకా పక్క తడిపేది.
ముద్దుగానే రాశాను,
దుప్పటిమీద రోజుకో దేశపటం గీసేదని.
ఆరు వందలమంది నవ్వారు, వాళ్ళూ ముద్దుగానే.

స్కూలు బస్సులో ఒక కుర్రాడు
ఫోను తెచ్చి దాని మొహం ముందు పెట్టాడట.
తెలుగుని ఇంగ్లీషు చేసే మెషిను
దేశపటాన్ని జెండా అని తప్పు చేసింది.
పక్క తడపడం మాత్రం తప్పు చెయ్యలేదు.

అరుస్తుందనుకున్నాను.
అరవలేదు.
ఇంటి గుట్టు లంకకి చేటు అంటారే,
లంక ఎవరిదో అప్పుడు తెలిసింది.

అన్నీ తీసేశాను, ఒక మధ్యాహ్నమంతా కూచుని.
దండెం ఖాళీ అయింది.
చూసినవాళ్ళని ఎక్కడినుంచి తియ్యను?

అప్పట్నుంచి దాని బట్టలు అదే ఉతుక్కుంటుంది.
గదిలోనే, తలుపు మూసి, కుర్చీలమీద ఆరేస్తుంది.
కింద సందులోంచి సబ్బు వాసన వస్తుంది.
ఆ గది గురించి నాకింకేమీ తెలీదు.
తెలిసినా రాయను,
అని ఇక్కడ రాస్తున్నాను చూడండి.

రాసింది దానికి చూపించాను.
నిలబడే చదివింది.
రెండు లైన్లు కొట్టేసింది. బాగున్న లైన్లే.
బస్సు సంగతి ఉంచమంది.
ఎందుకని అడగలేదు.

తణుకావిడ మొన్న మళ్ళీ పలకరించింది:
"ఏమైపోయారు? బాగున్నారా?"
జవాబు టైపు చేసి, చెరిపి, మళ్ళీ చేసి,
అలాగే ఉంది.

తొంభై ఒకటేళ్ళ పాస్కో
రాత్రి మూడింటికి నా చెయ్యి పట్టుకుంటాడు.
తమ్ముడి గురించి ఒక మాట చెప్తాడు.
కూతురు ప్రతి ఆదివారం వస్తుంది, ఆమెకి చెప్పడు.
నువ్వు కొత్తదానివి కదా, అంటాడు నాతో,
ప్రతి రాత్రీ.
అవును, కొత్తదాన్నే, అంటాను.

ఆ మాటేమిటో ఈ పేజీ చివర రాద్దామనుకున్నాను.
బయట గాలి లేచింది.
దుప్పటి ఒకటి ఆరేసి ఉంది,
వెళ్ళాలి.